సీటు తడిగా ఉందంటే దుప్పటి ఇచ్చారు

విమానం దిగి నాలుగు రోజులైంది, కోపం మాత్రం ఇంకా దిగలేదు. అందుకే రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

14 గంటల ప్రయాణం, రాత్రి ఫ్లైట్, మధ్య వరుసలో మధ్య సీటు. బ్యాగు పైన పెట్టి కూర్చుని బెల్టు పెట్టుకున్న రెండు నిమిషాలకు తొడల కింద చల్లగా తగిలింది. ఏసీ వల్లేమో అనుకున్నా. నా వాటర్ బాటిల్ కారిందేమోనని అదీ తీసి చూసుకున్నా, మూత గట్టిగానే ఉంది. లేచి చేత్తో నొక్కితే స్పాంజిలోంచి తడి పైకి ఉబికింది. చెయ్యి వాసన చూసుకున్నాక అది నీళ్లు కాదని అర్థమైంది. ముందు ఫ్లైట్లో చిన్నపిల్లలెవరో, లేదంటే ఒంట్లో బాగాలేని పెద్దవాళ్లెవరో కూర్చుని ఉంటారు. వాళ్ల మీద నాకు వీసమెత్తు కోపం లేదు. అన్ని గంటలు కదలకుండా కూర్చోబెడితే ఎవరికైనా జరగొచ్చు. జరిగిన తర్వాత ఆ సీటును అలాగే ఇంకొకరికి ఇచ్చినవాళ్ల మీదే నా కోపమంతా.

ఎయిర్ హోస్టెస్‌ను పిలిచా. ఆ అమ్మాయి ముఖం చూస్తేనే తెలిసిపోయింది, ఇలాంటిది ఆమెకు మొదటిసారి కాదు. ఫ్లైట్ ఫుల్, వేరే సీటు లేదు అంది. వెళ్లి ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు, రెండు దుప్పట్లు తెచ్చింది. కవరు పరిచి, దాని మీద దుప్పటి వేసుకుని కూర్చోవాలట. దీని మీద 14 గంటలా అని అడిగితే జవాబు లేదు, ఒక నవ్వు మాత్రం వచ్చింది. వెనక జనం దారి కోసం నిలబడి ఉన్నారు, పక్క సీటాయన హెడ్‌ఫోన్స్ తగిలించేసుకున్నాడు, అందరి ముందూ గొడవ పెట్టుకోవడం నాకు సిగ్గనిపించింది. కూర్చుండిపోయా. నేను చేసిన తప్పు అదే. తలుపులు మూయకముందే లేచి నిలబడి, ఇన్‌చార్జిని పిలిస్తే గానీ కూర్చోను అనాల్సింది. తలుపు పడ్డాక బెల్టు పెట్టుకుని కూర్చోమంటారు, కూర్చోకపోతే రూల్స్ తప్పింది మనమే అవుతాం.

అనవసరంగా పెద్దది చేస్తున్నానని అనుకునేవాళ్లు 2023లో జరిగింది గుర్తు చేసుకోండి. ఆగస్టులో లాస్ వేగస్ నుంచి మాంట్రియల్ వెళ్లే ఎయిర్ కెనడా విమానంలో ముందు ప్రయాణికులెవరో వాంతి చేసుకున్న సీట్లను సరిగా కడగకుండా, కంపు తెలియకుండా కాఫీ పొడి, పర్ఫ్యూమ్ చల్లి, ఇద్దరు ఆడవాళ్లను అందులో కూర్చోమన్నారు. సీటు, బెల్టు ఇంకా తడిగానే ఉన్నాయని వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి విమానంలోంచి దించేసింది ఆ ఇద్దరినే. తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పిందనుకోండి. అదే ఏడాది జూన్ చివర్లో పారిస్ నుంచి టొరంటో వెళ్లే విమానంలో ఒకాయన కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉందేమిటా అని చూస్తే అది రక్తం. తుడుచుకోవడానికి ఆయన చేతికి వైప్స్ ఇచ్చారు! అంత పెద్ద కంపెనీల్లోనే ఇలా ఉంటే నా ఒక్క సీటు వాళ్లకో లెక్కా.

నాకు అసలు మింగుడుపడనిది ఒకటుంది. సీటు బెల్టు పాడైతే ఆ సీటులో ఎవరినీ కూర్చోనివ్వరు. ఫ్లైట్ ఎంత ఫుల్‌గా ఉన్నా సరే, బాగు చేస్తారు, లేదా ఆ సీటు ఖాళీగా పోతుంది. ఎవరూ "కొంచెం సర్దుకోండి, చేత్తో పట్టుకోండి" అనరు. మరి ఇంకొకరి మూత్రంతో తడిసిన సీటు కూర్చోవడానికి పనికొస్తుందని ఎలా తేల్చారు? అది కూడా పాడైన సీటే కదా. దానికీ అదే రూల్ పెట్టండి, సీటు ఎండేదాకా, మార్చేదాకా ఎవరికీ ఇవ్వొద్దు. ఒక్క సీటు ఖాళీగా పోతే నష్టం వస్తుందంటే రానివ్వండి. ఆ నష్టం భయం ఉంటేనే విమానం నేల మీద ఉండగా కుషన్ మారుస్తారు. మార్చడం పెద్ద బ్రహ్మవిద్య కూడా కాదు, చాలా విమానాల్లో కుషన్ వెల్క్రోతో అతికించి ఉంటుంది, పీకి ఇంకోటి పెట్టడమే.

కుషన్ మార్చకుండా పైపైన తుడిచి వదిలేస్తే లాభం లేదు. లోపల మందపాటి ఫోమ్, దాని చుట్టూ మంట అంటుకోకుండా ఒక పొర ఉంటుంది. 1984లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ సీటు కుషన్ల మంట నిరోధకత మీద కఠినమైన రూల్స్ తెచ్చింది, అప్పటి నుంచి ఇదే పద్ధతి. భద్రతకు మంచిదే, కానీ ఏ కెమికల్ పడితే అది కొట్టి ఉతకడానికి వీల్లేదు, తడి లోపలికి దిగితే గంటలో ఆరదు. మూడొందల సీట్లను చేతిలో ఉన్న కాస్త టైములో ఊడ్చి, తుడిచి, చెత్త ఏరాల్సిన క్లీనింగ్ వాళ్లను తిట్టి ఏం లాభం? వాళ్లకు టైము ఇవ్వనివాళ్లను అనాలి.

గాలి విషయంలో మాత్రం కంపెనీల గొప్పలు నిజమే, ఒప్పుకుంటా. గాలిలోని దుమ్మును, క్రిములను వడకట్టే హెపా ఫిల్టర్లు 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టేస్తాయి, క్యాబిన్ గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది. కానీ ఫిల్టరు సీటు బట్టను శుభ్రం చేయదు కదా! 2014లో అమెరికాలోని ఆబర్న్ యూనివర్సిటీ వాళ్లు విమానం లోపలి వస్తువుల మీద బ్యాక్టీరియా ఎంతకాలం బతుకుతుందో పరీక్షించారు. మందులకు లొంగని ఎంఆర్ఎస్ఏ సీటు వెనక జేబు బట్ట మీద 168 గంటలు, అంటే ఏడు రోజులు బతికింది. ఒక రకం ఈ.కోలై చేతులు ఆనించే ఆర్మ్‌రెస్ట్ మీద 96 గంటలు. ఇంకా ముందు, 2009లో, ఒక బోయింగ్ 777లో ప్రయాణికుడొకరు వాంతి చేసుకుంటే, తర్వాతి రోజుల్లో అదే విమానంలో పనిచేసిన సిబ్బంది చాలామందికి వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ సోకింది. అంటే ఆ నవ్విన అమ్మాయి ఆరోగ్యం కూడా ఇందులో ఉంది. (నోరోవైరస్ మీద శానిటైజర్ పెద్దగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. నేను ఆ రాత్రి బాత్రూమ్‌కు ఎన్నిసార్లు లేచి వెళ్లానో పక్కాయన్నే అడగాలి.)

ఇంకో సంగతి దిగాక తెలిసింది. రక్తం, వాంతి, మూత్రం లాంటివి పడితే వాడమని విమానయానం చూసుకునే ఐక్యరాజ్యసమితి విభాగం ఐకావో ఒక కిట్ సిఫార్సు చేసింది, పేరు యూనివర్సల్ ప్రికాషన్ కిట్. తడిని గడ్డకట్టించే పొడి, క్రిమిసంహారకం, గ్లోవ్స్, మాస్కు, ఏప్రాన్, గీకి ఎత్తే స్కూపు, చెత్తకు వేరే సంచి, అన్నీ అందులో ఉంటాయి. ఆ పేరు నాకు ముందే తెలిసి ఉంటే నోరు తెరిచి అడిగేవాణ్ణి. మీకు అవసరం పడకూడదనే కోరుకుంటా, పడితే మాత్రం పేరు పెట్టి అడగండి. కూర్చునే ముందే సీటు ఒకసారి చేత్తో నొక్కి చూడండి, తేడాగా ఉంటే ఫొటో తీయండి, ఫిర్యాదును సిబ్బంది రిపోర్టులో రాయించమనండి. దిగాక చెబితే గోడకు చెప్పుకున్నట్టే.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పక్కన సీటు ఖాళీగా ఉందని దాని మీదే డైపర్ మార్చేవాళ్లు, వాడిన టిష్యూలన్నీ ముందు సీటు జేబులో కుక్కేవాళ్లు, ముందువాళ్ల ఆర్మ్‌రెస్ట్ మీదకు వట్టి కాళ్లు జాపేవాళ్లు నాకూ కనిపించారు. పొరపాటున ఏదైనా ఒలికితే దాచకుండా సిబ్బందికి చెప్పండి, అందులో పరువు పోయేదేమీ లేదు. నా సీటులో ముందు కూర్చున్నవాళ్లు చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పినా ఎవరూ పట్టించుకోలేదేమో కూడా.

ఇక నా 14 గంటలు. ప్లాస్టిక్ కవరు మీద దుప్పటి నిలవదు, జారుతూనే ఉంటుంది, నేనూ దానితోపాటు జారుతూనే ఉన్నా. తెల్లవారుజామున తడి ఒక పక్కనుంచి దుప్పటికి ఎక్కింది. బట్టలు మార్చుకుందామంటే ఉన్నవన్నీ చెకిన్ సామానులో ఉన్నాయి. (ఇకనుంచి ఒక జత చేతి బ్యాగులోనే.) భోజనం తెస్తే వద్దన్నా, ఆ వాసనలో ముద్ద దిగుతుందా.

దిగాక కంపెనీకి ఫొటోలతో సహా రాశా. "మీ సీటు సౌకర్యం మీ అంచనాలకు తగ్గట్టు లేనందుకు చింతిస్తున్నాం" అని జవాబు వచ్చింది, దానితోపాటు కొన్ని మైల్స్ పాయింట్లు, మళ్లీ వాళ్ల ఫ్లైట్ ఎక్కితేనే పనికొచ్చేవి. సౌకర్యం గురించి ఎవరడిగారు? పాయింట్లు వద్దు, ఆ కుషన్ మార్చారా లేదా, మారిస్తే ఏ తేదీన మార్చారు, అని తిరిగి రాశా. ఇంకా జవాబు లేదు. ప్యాంటు మాత్రం ఎయిర్‌పోర్టు బాత్రూమ్‌లోనే పారేసి వచ్చా.