నమ్మమంటే ఎలా నమ్మేది?

చట్టాన్ని నమ్మమంటూ, "చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అని మీ వ్యాసంలో రాశారు. పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ హత్య విషయంలో ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. 2017 సెప్టెంబరు 5 రాత్రి బెంగళూరు రాజరాజేశ్వరి నగర్‌లో, కారు దిగి సొంత ఇంటి గేటు తీసుకుంటుంటే కాల్చేశారు. సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వాళ్లు కష్టపడ్డారు, కాదనను. 2015లో ధార్వాడలో కన్నడ పండితుడు కల్బుర్గిని చంపిన తుపాకే ఇక్కడా వాడారని ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందన్నారు. మరి ఆ మొదటి కేసునే అప్పట్లో గట్టిగా పట్టుకుని ఉంటే గౌరి మన మధ్య ఉండేవారేమో! ఆ మాట తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

విచారణ మొదలైంది 2022లో. సాక్షులు వందల్లో. ఆలస్యమవుతోందని నిందితుల్లో ఒకరి తర్వాత ఒకరికి బెయిలు వచ్చింది. బెయిలు వాళ్ల హక్కే, నేరం ఇంకా రుజువు కాలేదు. కానీ 2024 అక్టోబరులో బయటికొచ్చిన ఇద్దరికి కర్ణాటకలోని విజయపురలో పూలదండలు వేసి, కాషాయ శాలువాలు కప్పారు. ఆ ఫోటో చూసిన సాక్షి బోనెక్కి ధైర్యంగా ఎలా నోరు విప్పుతాడండీ? ముందు ఆ మనిషికి భద్రత ఇవ్వండి, విచారణ రోజూ జరపండి. నమ్మకం గురించి తర్వాత మాట్లాడదాం.