పొలాల్లో నడకేగా అన్న మా బాబాయ్‌కి

ఇప్పుడే జరిగింది, వేడి మీదే రాస్తున్నాను. వేల్స్‌లో గ్లిన్‌డూర్స్ వే నడక ముగించుకుని, వెల్ష్‌పూల్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని, ఫ్యామిలీ గ్రూపులో కొన్ని ఫొటోలు పెట్టాను. పిన్ని దండం బొమ్మ పెట్టింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! బాబాయ్ ఊరుకుంటాడా? "దీనికి లండన్ దాకా పోవాలా తల్లీ? గొర్రెలు, బురద, పొలం గట్లు. మన ఊళ్ళో ఫ్రీ" అని రాశాడు. ఆ కింద వరసగా నవ్వులు. నా సొంత తమ్ముడితో సహా.

ముందు ఒక సంగతి. అది లండన్ కాదు, వేల్స్. ఇంగ్లాండ్ రాజు నాలుగో హెన్రీ మీద 1400లో తిరగబడి, 1404లో మఖన్‌లెత్‌లో సొంత పార్లమెంటు పెట్టిన ఓవైన్ గ్లిన్‌డూర్ పేరున్న దారి అది. చివరికి ఓడిపోయినా ఆయన్ని ఎవరూ పట్టివ్వలేదు. సమాధి ఎక్కడుందో ఇప్పటికీ ఖాయంగా ఎవరికీ తెలీదు. ఆ మనిషి పేరు మీదున్న దారిని లండన్ అంటే అక్కడి వాళ్ళకి ఎలా ఉంటుందో, హైదరాబాద్‌లో ఉండే వాళ్ళని "మద్రాసీలు" అన్నప్పుడు తోకతొక్కిన పాములా లేచే మా బాబాయ్‌కే తెలియాలి.

ఇక "పొలం గట్లు". నైటన్ నుంచి వెల్ష్‌పూల్ దాకా 135 మైళ్ళు, అంటే 217 కిలోమీటర్లు. తొలి మజిలీయే పాతిక కిలోమీటర్లకు దగ్గర. దారిలో ఎత్తైన చోటు కూడా 500 మీటర్లకు అటూ ఇటూ ఉంటుందంతే. ఈ అంకె చెప్పగానే బాబాయ్ ఏమన్నాడో తెలుసా? "తిరుమల 850 మీటర్లు. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కినవాళ్ళం." ఎక్కారు సరే, ఏ కాలంలో? నాకు ఊహ తెలిశాక ఆయన కొండెక్కింది ఏసీ కారులోనే.

తిరుమలకి ఒక మర్యాద ఉంది, ఎక్కితే ఎక్కినట్టు లెక్క. ఈ దారి పోయే పోవిస్ జిల్లా కొండలకి ఆ మర్యాద లేదు. ఎక్కిన ఎత్తంతా వెంటనే దింపేస్తాయి. అడుగున ఒక వాగు, వాగు పక్కన ఒక కొట్టం, కొట్టం వెనకాల మళ్ళీ నిలువుగా గడ్డి. పైకి చేరాక ఎదురుగా అచ్చం అలాంటిదే ఇంకొకటి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే వరస. మోకాళ్ళు ఏడ్చేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. వర్షం సంగతి రాయను, వేల్స్‌కి వెళ్ళి వర్షం పడిందని ఏడవడం అన్యాయం. కానీ గేటు గేటుకీ ఆవులు తొక్కితొక్కి చేసిన బురద ఉంటుంది చూశారూ, అందులో బూటు దిగబడితే కాలు మాత్రమే పైకి వస్తుంది. ఊళ్ళు కూడా దూరదూరంగా ఉంటాయి. లానిడ్లోస్ చేరేదాకా నాలుగు సరుకులు దొరికే దుకాణం కనబడితే పండగే.

ఇంక ఆవులు. బర్రెల మధ్య పెరిగినదానివి నీకు భయమేంటి అని పిన్ని అడిగింది. మన బర్రె మనల్ని పట్టించుకోదు పిన్నీ, అదే దాని గొప్పతనం. అక్కడ గేటు తీసి లోపలికి అడుగుపెట్టగానే మందకి మంద కోడెదూడలు పరుగెత్తుకుంటూ వచ్చి చుట్టూ నిలబడతాయి. వాటిది కుతూహలమేనట. అయిదు వందల కిలోల కుతూహలం. పాలజాతి ఆబోతుని, పది నెలలు దాటితే, కాలిబాట ఉన్న పొలంలో వదలకూడదని వాళ్ళకి చట్టం ఉంది. మాంసం జాతి ఆబోతునైతే ఆవులతో కలిపి వదలొచ్చు. ఎదురుగా వచ్చినప్పుడు అది ఏ జాతిదో మనమే కనుక్కోవాలి కాబోలు!

సరే, అసలు విషయం. ఈ దారి చాలాచోట్ల ఎవరిదో ఒకరి సొంత పొలం మధ్య నుంచే పోతుంది. రైతు ట్రాక్టరు మీద కూర్చుని చూస్తూనే ఉంటాడు, మనం ఆయన గొర్రెల మధ్య నుంచి నడిచి వెళ్ళిపోతాం. ఎవడివి, ఎందుకొచ్చావని అడిగిన పాపాన పోలేదు. నా రంగు చూసి కూడా అడగలేదు. చెయ్యి ఊపారు, అంతే. వాళ్ళేదో మహాత్ములని కాదు. అది చట్టం. మ్యాపులో కాలిబాట అని ఉంటే పొలం యజమాని మారినా బాట మారదు. కంచె వేసుకో, కానీ మనిషి దాటడానికి గేటో చెక్కమెట్లో పెట్టు, వాటిని బాగోగులు చూడు. బాట మీదుగా దున్నావా, పద్నాలుగు రోజుల్లో మళ్ళీ నడిచేలా చెయ్యి. అడ్డం కడితే కౌన్సిల్ వచ్చి తీయించాలి. అక్కడా ఎగ్గొట్టేవాళ్ళు ఉన్నారు, తుప్పుపట్టిన ముళ్ళతీగ చుట్టిన గేట్లు నేనూ దాటాను. కాకపోతే అక్కడ ఆ పని చేసినవాణ్ణి ఊరి పెద్దమనిషి అనరు.

"మన ఊళ్ళో ఫ్రీ" అన్నావు కదా బాబాయ్. ఎక్కడ ఫ్రీ? చెప్పు. చెరువు కట్ట నుంచి ఎస్సీ కాలనీ వెనకగా శ్మశానం దాకా ఒక డొంక ఉండేది. నానమ్మ చెయ్యి పట్టుకుని నేను చేలోకి పోయిన డొంక. రెండు బండ్లు ఎదురైతే పక్కకి తప్పుకునేంత వెడల్పు, అటూ ఇటూ తుమ్మచెట్లు. ఊరి నక్షలో ఇప్పటికీ ఉంది, డొంక పోరంబోకు అని. నేల మీద లేదు. సగం నీ మామిడితోటలోకి పోయింది, మిగతా సగం వెంచరు వాళ్ళ ప్లాట్లలోకి. వాళ్ళని ఊళ్ళోకి తెచ్చింది ఎవరో కూడా చెప్పమంటావా?

ఇప్పుడు ఆ కాలనీలో ఎవరైనా పోతే పాడె మోసుకుని మెయిన్ రోడ్డు మీదుగా, లారీల మధ్యలో చుట్టూ తిరిగి వెళ్తున్నారు. మా పాలేరు తాతని అలాగే తీసుకెళ్ళారు. నాన్న నిన్ను అడిగితే "రోడ్డు ఉందిగా, నడవడానికి నొప్పా?" అన్నావట. నడవడం అంటే అప్పుడు నీకు అంత తేలికన్నమాట. నానమ్మ ఆఖరి రోజుల్లో తన చేను చూసొస్తానంటే కంచె దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి రావాల్సి వచ్చింది. నీ కన్నతల్లి, నీ కంచె. దీని మీద కూడా నవ్వే బొమ్మ పెడతారా? తమ్ముడూ, నిన్నే అడుగుతున్నా.

పేపర్లు ఉన్నాయని అంటావు, నాకు తెలుసు. పేపర్లు నీకు, పాడె మోసే భుజాలు వాళ్ళకి. పంచాయతీలో అడిగినవాడికి "సర్వేయర్ రావాలి" అని చెబుతారు. ఆ సర్వేయర్ మా చిన్నప్పటి నుంచీ వస్తూనే ఉన్నాడు.

సంక్రాంతికి వస్తున్నాను, నక్ష కాపీ తీయించి మరీ. డొంక మొత్తం వదలమని ఇప్పుడే అడగను, నీకు బీపీ ఉంది. ముందు ఆ కంచెలో ఒక గేటు పెట్టించు. పాడె పట్టేంత వెడల్పు ఉండాలి. డబ్బులు నేనిస్తా.