రక్తపింజరతో రీల్ ఏంట్రా బాబూ!

మా ఊళ్లో పాము కనిపిస్తే చాలు, కర్రల కంటే ముందు ఫోన్లు బయటికొస్తున్నాయి. మొన్న గడ్డివాము దగ్గర రక్తపింజర చుట్ట చుట్టుకుని ప్రెషర్ కుక్కర్‌లా బుసకొడుతోంది. ఒకడు ఫోన్‌ని మూరెడు దూరంలో పెట్టి, "అన్నా, కాస్త కదిలించు, పడగ విప్పుతుంది" అంటాడు. రక్తపింజరకు పడగెక్కడిది నాయనా!

జూమ్ నొక్కడానికి ఏం రోగం? స్క్రీన్‌లోకి చూస్తున్నవాడికి దూరం తెలియదు. కన్నార్పేలోపు కాటు పడుతుంది. దీని విషంతో రక్తం గడ్డకట్టే గుణమే పోతుంది, కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు. విరుగుడు ఇంజెక్షన్ ఉంది, నిజమే, కానీ ఆసుపత్రికి చేరాలిగా! 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లే. పొలంలో తప్పనిసరై కాలు పెట్టేవాళ్ల సంగతి వేరు. లైకుల కోసం ఎదురెళ్లేవాళ్లనేమనాలి?

పాములు పట్టే ఆయన వచ్చినా పని చేయనివ్వరు. "అన్నా, తల ఇటు తిప్పు, ఒక్క ఫొటో!" ఆయన కొక్కెంతో తంటాలు పడుతుంటే, వెనక నుంచి ఫ్లాష్‌లు, తోపులాట. చివరికి విసుగెత్తి "ముందు మిమ్మల్ని సంచిలో వేయాలి" అన్నాడాయన. అది కూడా రికార్డ్ చేశారు.