ఏరువాకకు ఎద్దు తప్పనిసరా?

జ్యేష్ఠ పౌర్ణమి నాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గజ్జెల పట్టెడ కట్టి, మేళతాళాలతో ఊరంతా తిప్పి, పొలానికి తోలుకుపోయి తొలి సాలు దున్నే పండుగను ఏరువాక అంటారు. ఇంత మంచి పండుగ ఇన్నాళ్లూ రైతుల చేతుల్లోనే ఉండిపోవడం వల్ల ఎదుగూబొదుగూ లేకుండా పోయిందనీ, దానిని పట్నానికి తెచ్చి ఒక స్థాయి కల్పించే బాధ్యత చదువుకున్నవారిదేననీ అనంతపురంలోని మా కాలనీ సంఘం ఈ వేసవిలో కనిపెట్టింది. కనిపెట్టిన సాయంత్రమే పదకొండుమందితో ఊరేగింపు కమిటీ ఏర్పడింది. అందులో సేద్యం తెలిసినవారు ఒక్కరూ లేకపోవడం కాకతాళీయం కాదు. విషయంతో ఏ సంబంధమూ లేనివారే నిష్పక్షపాతంగా తీర్పు చెప్పగలరని అధ్యక్షులవారు తొలి సమావేశంలోనే సెలవిచ్చారు. నేను కార్యదర్శిని. కింద రాసినదంతా నా చేతి మీదుగా మినిట్స్ పుస్తకానికి ఎక్కినదే.

మొదటి రెండు సమావేశాలనూ ఫ్లెక్సీ మింగేసింది. ఏరువాకలోని ఏరు అంటే దుక్కికి ఎద్దులను కట్టిన నాగలి. ఫ్లెక్సీ వేసే కుర్రవాడికి ఏరు అంటే ఏరే. అందుచేత పన్నెండు అడుగుల పొడవున నిండుగా పారే నది, దాని మీద తెరచాప ఎత్తిన పడవ, ఒడ్డున కొబ్బరిచెట్లు వచ్చాయి. పెన్నను ఇసుకగా తప్ప ఎరగని జిల్లాలో ఈ బొమ్మ ఏమిటని ఎవరో గొణిగారు గానీ, పడవ కింద పదకొండు ముఖాలూ స్పష్టంగా అచ్చయినందువల్ల మార్చనక్కరలేదని తేలింది. ఒక మూలన తపాలా బిళ్లంత ఎద్దు కూడా ఉంది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే దానికి మూపురం లేదు, పొదుగు ఉంది.

ప్రధాన దాత దొరకడం మా అదృష్టం. ఊరి చుట్టూ శనక్కాయ చేలను కొని, రాళ్లు పాతి, ప్లాట్లుగా అమ్మే వెంచరు యజమాని ఆయన. సేద్యపు భూమి గురించి ఆయనకున్నంత అనుభవం మాలో ఎవరికీ లేదన్నది ఒప్పుకోవలసిన మాటే. రెండో దాతది బంగారం దుకాణం. ఒక ఎద్దు కొమ్ములకు వెంచరు రంగు, రెండో ఎద్దు కొమ్ములకు దుకాణం రంగు అని ఒప్పందం కుదిరింది. కన్నడ సరిహద్దు పల్లెల్లో ఏరువాక నాడు ఎద్దులను పరుగెత్తించి, తెల్లది ముందు వస్తే ఆ ఏడు తెల్ల పంటలు, ఎర్రది ముందు వస్తే ఎర్ర పంటలు బాగా పండుతాయని చెప్పుకుంటారు. ఈ సంగతి విన్న వెంచరు యజమాని తన ఎద్దు ముందు వస్తే ఏం పండుతుందని అడిగారు. ప్లాట్లు పండుతాయని అధ్యక్షులు తడుముకోకుండా చెప్పారు.

ఇక ఎద్దుల మాట. నా స్వంత అభిప్రాయం ట్రాక్టరే మేలని. ట్రాక్టరు పేడ వేయదు, డీజేకు బెదరదు, దానికి కొమ్ములు లేకపోయినా హారను ఉంటుంది. కానీ ఫొటోలో ఎద్దు లేకపోతే పండుగ అని ఎవరూ నమ్మరని వీడియో తీసే అబ్బాయి పట్టుబట్టడంతో, రాప్తాడు వైపు పల్లె నుంచి ఒక జతను సగం బాడుగ ముందే ఇచ్చి రప్పించాం. తోలుకొచ్చిన పెద్దాయన ఎద్దులతో పాటు తన మడకను, గొర్రును కూడా మినీ లారీలో వేసుకొచ్చాడు. ఎందుకని అడిగితే, పండుగ కదా సార్ అన్నాడు.

ఆ గొర్రే మా పరువు తీసింది. గొర్రు మీద జడ్డిగం అని ఒక చెక్క గిన్నె ఉంటుంది. దాని అడుగున ఉన్న బెజ్జాలకు వెదురు గొట్టాలు దిగి ఉంటాయి. పైన ఒకరు గుప్పిట్లోంచి విత్తనం కొలతగా వదులుతూ నడిస్తే, గింజలు ఆ గొట్టాల గుండా సాళ్లలోకి జారతాయి. మా ఉపాధ్యక్షులు ఆ గిన్నె పనితనానికి ముచ్చటపడి, నైవేద్యం పాత్ర ఇంత కళాత్మకంగా ఉండాలంటూ రెండు చెంబుల పానకం అందులో పోశారు. పానకం ఏ మాత్రం వృథా కాలేదు. దాని కిందనే వంగి టెంకాయ కొట్టబోతున్న కోశాధికారి కొత్త పట్టుపంచె మొత్తం తాగింది. పెద్దాయన నవ్వలేదు, జడ్డిగాన్ని తువ్వాలుతో తుడిచి, బెజ్జాల్లో బెల్లం జిగురు మిగిలిందేమోనని ఒక్కొక్క దాంట్లో చీపురుపుల్ల పెట్టి చూసుకున్నాడు.

పల్లెలో గోగునారతో తోరణం కట్టి, చెర్నాకోలలతో కొట్టి, ఎవరికి దొరికిన పీచును వారు ఇంటికి తీసుకుపోయి నాగలికో ఎద్దు మెడకో కట్టుకుంటారు. మేము ప్లాస్టిక్ తోరణం కట్టి, దాతల చేత కత్తెరతో కత్తిరింపజేశాం. పీచు ఎవరూ అడగలేదు.

సప్తగిరి సర్కిల్ దాటేదాకా అంతా సవ్యంగానే సాగింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మైకు రాత్రి 10 గంటలకు ఆపాలి. మాకు ఇంకా మూడు గంటల గడువు ఉంది కాబట్టి డీజేను చట్టానికి లోబడి పూర్తి స్థాయిలో పెంచాం. ఎద్దులకు చట్టం తెలియదు. వెంచరు వారి ఎద్దు ఒక్కసారి వెనక్కి తిరిగి దుకాణం వారి ఎద్దును కూడా లాక్కుపోవడంతో, ఊరేగింపు కాసేపు వచ్చిన దారినే నడిచింది. పెద్దాయన రెండింటి మెడల మీద చేతులు వేసి ఏదో చెప్పాడు, అవి నిలబడ్డాయి. డీజే పక్కన ఏం చెప్పాడో మాకు వినపడలేదు, వాటికి వినపడింది.

టవర్ క్లాక్ కనుచూపు మేరకు వచ్చేసరికి చినుకు మొదలైంది. పడమటి కనుమల చాటున ఉండి ఏడాది మొత్తానికీ సుమారు 550 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే జిల్లా మాది. వాన తక్కువలో జైసల్మేర్ తరువాత మనమేనని బడిలో చెప్పించుకుంటూ పెరిగినవాళ్లం. ఆ వాన ఎంచి ఎంచి మా ఊరేగింపు రోజునే, ముఖ్య అతిథి ప్రసంగం మొదలుకాక ముందే, దబదబా దిగింది. పాడు వాన అని మొదట అన్నది అధ్యక్షులే. ఏరువాక వేదిక మీద నుంచి అన్న మాట కాబట్టి నేను దానిని మినిట్స్‌లో రాయలేదు. నది బొమ్మ ఉన్న ఫ్లెక్సీని విప్పి డీజే పెట్టెల మీద కప్పాం. పడవ ఎట్టకేలకు నీళ్లలో తడిసింది.

అప్పటికే పెద్దాయన గజ్జెల పట్టెడలు విప్పి సంచిలో వేసుకుని, మినీ లారీ వానితో మాట్లాడుతున్నాడు. ఇంకా సన్మానం ఉంది, శాలువా ఉంది అని నేను అడ్డుపడ్డాను.

"పదునయ్యింది సార్. మాది ఎర్ర నేల, రెండు దినాలకు ఆరిపోతుంది. తెల్లారేసరికి గొర్రు కట్టల్ల," అన్నాడు. లారీ ఎక్కించేటప్పుడు ఎద్దుల కొమ్ముల నుంచి రెండు సంస్థల రంగులూ కలిసి కారుతున్నాయి.

మరుసటి ఆదివారం సమీక్షా సమావేశంలో రెండు తీర్మానాలు ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. వచ్చే ఏడు నుంచి ఏరువాకను వాన బెడద లేని నెలలో, వీలైతే ఫిబ్రవరిలో, జరపాలన్నది మొదటిది. కార్యక్రమం మధ్యలో అనుమతి లేకుండా వెళ్లిపోయినందుకు ఎద్దుల యజమానికి ఇవ్వవలసిన మిగతా సగం బాడుగ ఆపి, అందులోంచి పట్టుపంచె ఉతుకు కూలి చెల్లించాలన్నది రెండోది.