నవ్వని హాలు

(టొరంటో. స్ట్రింగ్ క్వార్టెట్ కచేరీ అయిపోయింది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. వాటి మధ్య కుర్చీలో కూర్చుని ఉత్తర ధ్రువం వైపు మంచుసీమ మూలవాసులైన ఇనుయిట్‌ల పెద్దావిడ ఒకావిడ కథలు చెప్పింది. అక్క ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా కర్ణాటక వయొలిన్ నేర్పుతోంది. తమ్ముడు నిరుడే వచ్చాడు. ఇద్దరూ సబ్‌వే స్టేషన్‌కి నడుస్తున్నారు.)

తమ్ముడు: నువ్వు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టావు. నాకు మాత్రం చేతులు రాలేదక్కా.

అక్క: ఎందుకురా, బాలేదా?

తమ్ముడు: బాగుంది. అదే నా బాధ. వాళ్ళ నాన్న వేటకెళ్ళి, మంచు మీద జారి సీల్ పక్కనే బోర్లా పడ్డ ముచ్చట చెప్పింది చూడు, ఆవిడ పెట్టిన మొహానికి ఎవరికైనా నవ్వొస్తుంది. హాలంతా ఒక్కరు నవ్వలేదు. వెనక వరసలో ఓ పిల్ల కిసుక్కుమంటే వాళ్ళమ్మ నోరు మూసింది. కథకి ఊకొట్టేవాళ్ళుండాలి. మనం గుళ్ళో కూడా అంత నిశ్శబ్దంగా కూర్చోం.

అక్క: మరి నువ్వెందుకు నవ్వలేదు?

తమ్ముడు: భయమేసింది. పక్కాయన ప్రోగ్రాం కాగితం తిప్పితేనే ముందావిడ వెనక్కి తిరిగి చూసింది.

అక్క: అయితే తప్పు హాలుది. క్వార్టెట్ పుట్టింది ఇళ్ళల్లో, నలుగురు కూర్చుని వాయించుకోడానికి. ముందు నిలబడి చేతులూపి నడిపించే కండక్టర్ ఉండడు. ఒకరి ఊపిరి మిగతా ముగ్గురికీ తెలియాలి. ఇనుయిట్ ఆడవాళ్ళ గొంతుపాట కటజ్జాక్ కూడా అంతేగా! ఇద్దరు ఎదురెదురుగా మొహాలు దగ్గరపెట్టి, పీల్చే గాలితో, వదిలే గాలితో పాడతారు. ముందు నవ్వినవాళ్ళు ఓడినట్టు. ఇవాళ చెల్లో అతన్ని గమనించావా? నోట్స్ చూడనే లేదు. ఆవిడ భుజం కదిలితే అతని కమాను కదిలింది.

తమ్ముడు: నువ్వు కమాను చూశావు, నేను సొత్తు ఎవరిదా అని చూశాను. 1967లో, కెనడా నూరేళ్ళ పండక్కి హ్యారీ సోమర్స్ అనే సంగీతకర్త 'లూయి రియెల్' అని ఒపెరా, అంటే పాటల నాటకం, చేశాడు. రియెల్ కెనడా ప్రభుత్వం మీద తిరగబడ్డ నాయకుడు. అందులో రియెల్ భార్య బిడ్డని జోకొడుతూ పాడే పాటకి బాణీ ఎక్కడిదనుకున్నావు? నాస్ నది దగ్గరుండే నిస్గా అనే మూలవాసులది. 1927లో మారియస్ బార్బో అనే జానపద పరిశోధకుడు వెళ్ళి రికార్డు చేసుకొచ్చిన పాట. అది చావు పాట అక్కా! పోయినవాళ్ళ కోసం ఏడ్చే పాటకి క్రీ అనే ఇంకో మూలవాసుల భాషలో మాటలు తగిలించి జోలపాట చేశారు. మన దక్కలివాళ్ళకి జాంబపురాణం మిరాశీ, అంటే తరతరాల హక్కు, అయినట్టు, నిస్గాల్లో పాట ఒక ఇంటి సొత్తు. ఎవరు పడితే వాళ్ళు పాడకూడదు.

అక్క: సగంలో ఆపకు. తర్వాతేమైంది?

తమ్ముడు: 2017లో మళ్ళీ ఆ ఒపెరా వేసినప్పుడు గట్టి చర్చ జరిగింది. ఆ తర్వాత ఆ పాట స్థానంలో ఇయాన్ కుసన్ అనే సంగీతకర్త చేత కొత్తది రాయించారు.

అక్క: కుసన్ మేటీ, అంటే మూలవాసులూ యూరప్ వాళ్ళూ కలిసిన సంతతివాడు. రియెల్ కూడా మేటీయే. అంటే ఒపెరా బతికింది, ఎత్తుకొచ్చిన పాట బయటికి పోయింది.

తమ్ముడు: యాభై ఏళ్ళు రికార్డుల్లో, పుస్తకాల్లో ఉన్న పాట బయటికెలా పోతుంది?

అక్క: (కొంచెం ఆగి) పోదు. కానీ అది అడక్కుండా తీసుకున్నది. అమెరికాలో క్రోనోస్ క్వార్టెట్ వాళ్ళు అలా కాదు, ఇనుయిట్ గొంతుపాట గాయని తాన్యా టగాక్‌నే పిలిచి రాయమన్నారు. ఆవిడ పాడింది, జేకబ్ గార్చిక్ దాన్ని నాలుగు వాద్యాలకి మలిచాడు. నోట్స్ ఇంటర్నెట్‌లో ఉచితం.

తమ్ముడు: ఫిడేలు గరగరమంటే గొంతవుతుందా?

అక్క: మన ఫిడేలు మాత్రం ఎక్కడిదిరా? మద్రాసులో బాలుస్వామి దీక్షితులు యూరప్ వాళ్ళ పద్ధతి నేర్చుకుని తెచ్చిందేగా.

తమ్ముడు: అక్కడే తేడా. ఫిడేలు మనింటికొచ్చి మఠం వేసుక్కూర్చుంది. ఇక్కడ ఈ పెద్దావిడే వాళ్ళింటికెళ్ళి కుర్చీలో కూర్చుంది.

అక్క: (నవ్వి) ఇది మాత్రం బాగా చెప్పావు. సరే, ఫిడేలే వాళ్ళింటికెళ్ళిన చోటు కూడా ఉంది. అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ మ్యూజిక్ ఫెస్టివల్ వాళ్ళు నవాహో, హోపీ అనే మూలవాసుల బడిపిల్లల చేత క్వార్టెట్లు రాయిస్తారు. అక్కడ పాఠాలు చెప్పిన నవాహో సంగీతకర్త రేవన్ చకోన్‌కి 2022లో పులిట్జర్ వచ్చింది. సంగీతంలో ఆ బహుమతి అందుకున్న మొదటి అమెరికన్ మూలవాసి ఆయనే.

తమ్ముడు: నవాహోలు కయోటి కథలు, అంటే నక్కలాంటి జంతువు కథలు, చలికాలంలోనే చెప్తారు. మే నెల కచేరీకి టికెట్లు అమ్ముకునేవాడు ఆ మాట వింటాడా?

అక్క: వినకపోతే కచేరీ మానెయ్యాలి. ఆవిడ "ఇవాళ చెప్పను" అంటే నలుగురూ కమాన్లు దించేసి ఇంటికెళ్ళాలి. అంతవరకు నేనూ నీ పక్షమే. కానీ ఆవిడ చెప్తానంటే, "నీకు ఆ కుర్చీ తగదు" అనడానికి మనమెవరం?

(ప్లాట్‌ఫాం. హాల్లో వెనక వరసలో కూర్చున్న పిల్ల వాళ్ళమ్మ చెయ్యి వదిలించుకుని, కాలు జారినట్టు నటించి, చేతులు సీల్ రెక్కల్లా చాపి బోర్లా పడింది. తమ్ముడు పగలబడి నవ్వాడు.)

అక్క: ఓడిపోయావురా.