సవరణ: సిగ్విన్ అప్‌డేట్‌కు ఆప్ట్-సిగ్ ఒక్కటే చాలదు

సిగ్విన్ అంటే విండోస్‌లో లినక్స్ తరహా టూల్స్ వాడుకునే ఏర్పాటు; దాని ప్యాకేజీలను కమాండ్లతో దించి ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టు ఆప్ట్-సిగ్. ఆ స్క్రిప్టును మెరుగుపరచడంపై రాసిన గత పోస్టులో "ఇక అన్ని ప్యాకేజీలూ దీంతోనే అప్‌డేట్ చేసుకోవచ్చు, సిగ్విన్ సెటప్ ప్రోగ్రాం అక్కర్లేదు" అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. ఆప్ట్-సిగ్ నడిచేది బ్యాష్‌లో (కమాండ్లు నడిపే షెల్). బ్యాష్, ప్యాకేజీలను విప్పడానికి ఆప్ట్-సిగ్ పిలిచే టార్ రెండూ సిగ్విన్1.డీఎల్ఎల్ (సిగ్విన్ ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీ ఫైలు) మీదే ఆధారపడతాయి. వాడుకలో ఉన్న డీఎల్ఎల్‌ను తిరగరాయడానికి విండోస్ ఒప్పుకోదు. కాబట్టి ఆ ఫైలును ఆప్ట్-సిగ్‌తో మార్చబోవడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. మధ్యలో ఆగిపోతే టెర్మినల్ కూడా తెరుచుకోకపోవచ్చు.

అందుకే సిగ్విన్, బ్యాష్ పేర్లు కనబడితే అక్కడే ఆగిపోయేలా స్క్రిప్టులో షరతు పెట్టాను. వాటి కోసం సిగ్విన్ విండోలన్నీ మూసేసి, ఎస్ఎస్‌హెచ్ లాంటి సర్వీసులు నడుస్తుంటే ఆపి, సెటప్ ప్రోగ్రామే వాడండి. దానికి మైనస్ క్యూ (-q), మైనస్ జీ (-g) ఆప్షన్లు ఇస్తే ప్రశ్నలు అడగకుండా పాత ప్యాకేజీలను అప్‌డేట్ చేసేస్తుంది. చిన్నాచితకా టూల్స్‌కు ఆప్ట్-సిగ్ హాయిగా సరిపోతుంది. ప్యాకేజీల జాబితా ఉండే సెటప్.ఐఎన్ఐలోని షా512 చెక్‌సమ్‌తో, దించిన ఫైలును సరిచూసే భాగాన్ని మాత్రం వేగం కోసమని తీసేయకండి.