సీసీఎల్-2ను అణిస్తే క్యాన్సర్ పోతుందా? ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. సీసీఎల్-2 అనేది "క్యాన్సర్ ప్రోటీన్" అనీ, రక్తంలో అది పెరిగితే క్యాన్సర్ ఉన్నట్టేననీ, పరగడుపున పసుపు, మిరియాల కషాయం తాగి దాన్ని అణిచేస్తే కీమోథెరపీతో పనే లేదనీ అందులోని వాదం.

మొదటి మాటే తప్పు. సీసీఎల్-2 ఆరోగ్యవంతుల శరీరంలోనూ తయారయ్యే కీమోకైన్, అంటే రక్షణ కణాలను పిలిచే సంకేత ప్రోటీన్. గాయమైనచోట, సూక్ష్మజీవులు చొరబడినచోట కణాలు దీన్ని విడుదల చేస్తాయి. ఆ సంకేతాన్ని అందుకునే సీసీఆర్-2 అనే గ్రాహకం (రిసెప్టర్) ఉన్న మోనోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు, ఆ జాడ పట్టుకుని రక్తనాళాల గోడ దాటి వచ్చి, మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలుగా మారి, సూక్ష్మజీవులనూ చనిపోయిన కణాలనూ మింగేస్తాయి. మనం వాపు అనేది చాలావరకు ఈ రక్షణ పనే. కణితులు కూడా ఇదే పిలుపును వాడుకుంటాయన్నది నిజం: అలా చేరిన మాక్రోఫేజ్‌లు కొత్త రక్తనాళాలు పెరగడానికి తోడ్పడి, క్యాన్సర్ కణాలను చంపే టీ కణాల (మరో రకం తెల్ల రక్తకణాల) దాడిని నీరుగారుస్తాయి. కానీ క్యాన్సర్ మొదలయ్యేది కణాల డీఎన్ఏలో పేరుకున్న మార్పులతో. సీసీఎల్-2 దానికి ఊతమిస్తుందే తప్ప అదే మూలం కాదు.

రక్తపరీక్ష మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఊబకాయం, మధుమేహం, కీళ్లవాతం, అంటురోగాలు, వీటన్నిటిలోనూ ఇది పెరగవచ్చు.

అసలు చర్చించాల్సింది "అణిచేస్తే చాలు" అన్న మాట. ఈ ఆలోచన శాస్త్రజ్ఞులకూ వచ్చింది, పరీక్షించారు కూడా. సీసీఎల్-2ను పట్టి బంధించే కార్లుమాబ్ అనే ప్రతిరక్షకాన్ని (యాంటీబాడీ మందును) ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు ఇచ్చిచూస్తే, రక్తంలో ఆ ప్రోటీన్ కొద్దికాలం తగ్గి, ఆపైన చికిత్సకు ముందున్న స్థాయిని కూడా మించిపోయింది. కణితులపై ప్రభావం కనిపించలేదని 2013లో ప్రకటించారు. 2014లో ఎలుకలపై వెలువడిన అధ్యయనం మరింత కలవరపెట్టేది: రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలకు ఇలాంటి ప్రతిరక్షకాన్ని ఇచ్చి మధ్యలో ఆపేసినప్పుడు, ఎముక మజ్జలో నిలిచిపోయిన మోనోసైట్లు ఒక్కసారిగా బయటికి వచ్చి, క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకడం వేగవంతమైంది. నేరుగా గురిపెట్టిన మందుకే ఈ గతి పడితే, కషాయం మీద అంత భరోసా ఎక్కడిది?

పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాల గాజుపళ్లెంలోని కణాలపై ప్రభావం చూపిన మాట వాస్తవమే. నోటితో తీసుకుంటే అది రక్తంలోకి చేరేది అత్యల్పం. మిరియాలలోని పైపరిన్ ఆ శోషణను పెంచుతుంది. అయితే అదే పైపరిన్ కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములనూ అడ్డుకోగలదు. కూరలో వేసే చిటికెడు పసుపు గురించి కాదు నా అభ్యంతరం. అలిపిరి దగ్గరి క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ మరెక్కడైనా గానీ కీమో తీసుకుంటున్నవారు గాఢమైన కషాయాలో, కర్క్యుమిన్ మాత్రలో వాడుతుంటే, ఆ సంగతి తమ డాక్టరుకు చెప్పి తీరాలి.